రెండు జాడీల నీళ్ళు

"ఈస్టర్ రోజున ఈ జాడీలో చెయ్యి పెట్టిందెవరు?"

నా ప్రశ్నకి పోలమ్మ తన తోటికోడలి వంక చూసింది. తోటికోడలు రాహేలు నేల వంక చూసింది. ఉదయం ఏడూ పది. నాగాయలంక దాటాక ఓ పల్లెలో, రాహేలు ఇంటి వెనక వసారాలో మేం ముగ్గురం, మా మధ్య రెండు జాడీలు. పదింటికి నేను గుడివాడలో ఉండాలి. ఓపిక నాకు పుట్టుకతోనే తక్కువ. అదే ఉంటే బందరులో మా నాన్న బట్టలకొట్లో కూర్చుని చీరలు మడతపెట్టుకునేదాన్ని, డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకునేదాన్ని కాదు.

"పిన్నిగారూ, మీ అబ్బాయి కోసం అడుగుతున్నాను. దాచకండి."

అబ్బాయి అనగానే రాహేలు తలెత్తింది.

జీవన్ కుమార్ ఆమెకి ఒక్కడే కొడుకు. గుడివాడలో డాక్టర్ రాజారత్నం అనే ఆయన ల్యాబులో పరిశోధన చేసేవాడు. ఈస్టర్ మర్నాడు, సోమవారం సాయంత్రం నాలుగింటికి, తల్లి జాడీలోంచి ఒక సీసాడు ఊరుడునీళ్ళు, అంటే కూరముక్కలు ఊరిన ఉప్పునీళ్ళు, వంచుకుని బైకు మీద గుడివాడ బయల్దేరాడు. మంగళవారం పొద్దున్నే పామర్రు నుంచి గుడివాడ వెళ్ళే రోడ్డు పక్క కాలవలో శవమై కనిపించాడు. సీసా మాత్రం దొరకలేదు. జీవన్ ల్యాబుకి రానేలేదని రాజారత్నం చెప్పాడు. ఆరింటికి పామర్రులో తాగుతుంటే చూశానని ఒక సాక్షి వచ్చాడు. ఆ సాక్షిని తెచ్చినవాడు శ్యాంబాబు, గుడివాడలో పేరున్న ప్రైవేటు డిటెక్టివ్. అతన్ని పెట్టుకుంది రాజారత్నమే. రక్తపరీక్ష రిపోర్టు ఇంకా రాకముందే, తాగి పడిపోయాడని ఊరూవాడా తేల్చేశారు. సమాధి తోటలో మట్టి వేస్తున్నప్పుడు కూడా వెనక వరసలో ఆ మాటే అనుకున్నారట.

ఎనిమిదో రోజున రాహేలు నా ఆఫీసుకొచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "నా బిడ్డ నోట్లో సారా చుక్క పడి ఎరగదు. చంపినోడు కావాలి నాకు. తాగుబోతు అన్నోడూ కావాలి. ఇద్దరూ కావాలి" అంది.

శ్యాంబాబు పేరు వినగానే కేసు తీసుకున్నాను. ఆరేళ్ళ క్రితం నేను అతని దగ్గర పనిచేశాను. నేను ఛేదించిన కేసు కింద తన పేరు రాసుకున్నాడు. తను పాడుచేసిన కేసు కింద నా పేరు రాశాడు. అందుకని నేనేదో న్యాయం కోసం తిరుగుతున్నానని ఎవరూ అనుకోవద్దు. రాహేలు పగ ఒకటి, నా పగ ఒకటి. రెండూ ఒకే కారులో ప్రయాణం చేస్తున్నాయి.

"మీరు జవాబు చెప్పాలంటే నేనెందుకడుగుతున్నానో తెలియాలి" అన్నాను. "మీ జాడీలో ముల్లంగి, దోసకాయ, పచ్చిమిరపకాయ ఉప్పునీళ్ళలో ఊరుతున్నాయి. ఆ నీళ్ళలో ఒక బ్యాక్టీరియా ఉంది. పాలలో ఉండే చక్కెరని విరగ్గొట్టి అరిగించే ఎంజైము అది తయారు చేస్తుంది. పాలు పడక విరేచనాలయ్యే పిల్లలకి అది మందు అవుతుందని జీవన్ కనిపెట్టాడు."

"చెప్పాడు" అంది రాహేలు. "మన జాడీ పేరు లోకమంతా తెలుస్తదమ్మా అన్నాడు. నా పేరూ, వాళ్ళ పిన్ని పోలమ్మ పేరూ కూడా కాగితంలో రాయిస్తానన్నాడు."

"బందరులో కౌసర్ అని, వాడితో చదువుకున్న అమ్మాయి ఉంది. వాడి పరీక్షలన్నీ ఆమె ల్యాబులోనే చేసుకునేవాడు. గుడివాడలో ఒక్క చుక్క కూడా ఉంచలేదు, రాజారత్నానికి ఫొటోలు మాత్రమే చూపించాడు. మీ జాడీల నీళ్ళు ఆమెకిచ్చాను. ఒకరకం జెల్లీ మీద పోసి రెండు మూడు రోజులు వెచ్చగా ఉంచితే, ఆ పాల ఎంజైము జీను గట్టిగా పనిచేసే బ్యాక్టీరియా నీలం చుక్కగా లేస్తుంది. పని చెయ్యనిది తెల్లగానే ఉండిపోతుంది. జీవన్ ఫిబ్రవరిలో ఆమెకిచ్చిన మీ జాడీ నీళ్ళలో నీలం చుక్కలొచ్చాయి. పోలమ్మగారి జాడీలో అప్పట్లో నీలం ఒక్కటీ లేదు. ఇటుకరంగు చుక్కలున్నాయి, అదొక రకం ఈస్టు. మరి పోయిన వారం నేను పట్టుకెళ్ళిన రెండు జాడీల్లోనూ నీలం ఉంది, ఇటుకరంగూ ఉంది. ఎలా కలిశాయి?"

పోలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాప్తిస్మంలో ఆమెకి ఎలీసబెత్ అని పేరు పెట్టినా ఊరంతా పోలమ్మనే అంటారు. "మాకు ఏడేళ్ళు మాటల్లేవమ్మా" అంది చివరికి. "మా అమ్మాయి పెళ్ళిలో అక్కని ముందు బంతికి పిలవలేదని. పాస్టరుగారు ఈసారి గట్టిగా చెప్పాడు, రాజీ పడకుండా రొట్టె తీసుకోడానికి ప్రభువు బల్ల దగ్గరికి రావద్దని."

"పడ్డారా?"

"మా ఇళ్ళల్లో నోటితో రాజీ ఉండదు" అంది రాహేలు. "నా జాడీలోంచి గరిటెడు దాని జాడీలో పోస్తాను. దాని జాడీలోంచి గరిటెడు నా జాడీలో పోస్తది. ఇక ఎవరి నీళ్ళు ఎవరివో ఎవరూ చెప్పలేరు. మా అత్తగారు పెట్టిన పద్ధతి."

"ఎప్పుడు పోశారు? గంట కావాలి నాకు."

"ఈస్టరు ఆరాధనకి ముందు. ఏడుంపావు. ఏడున్నరకి మొదటి గంట కొట్టారు."

"అంతకుముందు ఎప్పుడూ కలపలేదా?"

"మొహమే చూసుకోలేదు, నీళ్ళేం కలుపుతాం" అంది పోలమ్మ.

నాకు కావాల్సింది దొరికింది. నీలమూ ఇటుకరంగూ కలిసిన నీళ్ళు ఈస్టరు ఉదయం ఏడుంపావుకి ముందు ఈ లోకంలోనే లేవు.

లేచి బయల్దేరుతుంటే రాహేలు లోపలికెళ్ళి మూతకి గుడ్డకట్టిన సీసా ఒకటి తెచ్చింది. "నిన్న ఫోన్లో అన్నావుగా, ఇయ్యాల ఆ డాక్టరూ, శ్యాంబాబూ ఇద్దరూ ల్యాబులోనే ఉంటారని. ఇది వాళ్ళ ముందు పెట్టు. నా కొడుకు తెస్తానన్న సీసా అని చెప్పు. మొహాలు చూడు."

"మంచి ఆలోచనే" అన్నాను. నిజంగానే నచ్చింది. దొంగ ముందు దొంగసొత్తు పెడితే ఆ మొహం చూడ్డానికి నేను ఎంత దూరమైనా పోతాను.

"ఇది వాళ్ళకి కట్టింది. నువ్వు ముట్టుకోకు. నీకు వేరే ఇస్తాను తర్వాత" అంది.

*

పదీ ఐదుకి రాజారత్నం ల్యాబులో ఉన్నాను. ఆయనకి అరవై ఉంటాయి, తెల్లచొక్కా, చర్చి సంఘంలో పెద్దమనిషి. మాట నెమ్మది. శ్యాంబాబు అప్పటికే ఆయన పక్క కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు.

"రావమ్మా సుమలతా. ఇంకా ఈ వృత్తిలోనే ఉన్నావా? మానేసి కుట్టుమిషను పెట్టుకుందని ఎవరో అన్నారే."

"కుట్టడం మీ దగ్గరే నేర్చుకున్నాను శ్యాంబాబు గారూ. సాక్షుల్ని కుట్టడం."

రాజారత్నం నవ్వాడు. "గొడవెందుకు. మేడమ్‌కి అనుమానాలున్నాయి, తీరుద్దాం. నా మొదటి ప్లేటు చూపిస్తాను. చూశాక, జీవన్ సీసా నేను కాజేశానన్న మీ ఆరోపణ వెనక్కి తీసుకుంటున్నట్టు రాసివ్వండి, చాలు."

సంచిలోంచి సీసా తీసి, గుడ్డ ముడి విప్పి బల్ల మీద పెట్టాను. "రాహేలుగారు పంపారు. ఆ సోమవారం జీవన్ తెస్తానన్న సీసా."

గోడ గడియారంలో సెకన్లు లెక్కపెట్టాను. నాలుగు సెకన్లు రాజారత్నం రెప్ప వెయ్యలేదు. ఐదో సెకనులో పెద్దమనిషి మొహం మళ్ళీ తగిలించుకున్నాడు. "పాపం ఆ తల్లి. ప్రేమతో పంపింది, కాదంటే పాపం" అని లోపలికి కేకేశాడు. ల్యాబులో పనిచేసే రమ్య మజ్జిగ తెచ్చింది. అది ఆయన అలవాటేనట, ఎవరొచ్చినా మజ్జిగలో ఊరుడునీళ్ళు కలిపి ఇచ్చి తన మందు గురించి ఉపన్యాసం చెప్తాడు. మూడు గ్లాసుల్లో సీసాలోంచి వంచాడు.

తనది ఆపకుండా తాగాడు, నా కళ్ళలోకి చూస్తూ. నాకేం భయం లేదు చూడు అన్నట్టుగా. శ్యాంబాబు ఒక్క గుక్కలో ఖాళీ చేసి గ్లాసు బోర్లించాడు. "వెల్లుల్లి బాగా దట్టించింది ఆవిడ" అన్నాడు.

నాది పక్కకి జరిపాను. పాలూ మజ్జిగా నాకు చిన్నప్పట్నుంచీ పడవు, కడుపు ఉబ్బిపోతుంది.

"మీలాంటివాళ్ళ కోసమే కదా మేడమ్ మా మందు" అన్నాడు రాజారత్నం.

"ముందు ప్లేటు చూద్దాం."

పదీ ఇరవై. ఫ్రిజ్‌లోంచి గుండ్రటి గాజు ప్లేటు తెచ్చి నా ముందు పెట్టాడు. మూత మీద ఆయన చేతిరాతే. పెడన ముల్లంగి. మార్చి 29, మధ్యాహ్నం ఒకటిన్నర. గుడ్ ఫ్రైడే. అంటే జీవన్ చావుకి మూడు రోజుల ముందు.

"పెడనలో ఒక ఇంట్లో ఊరేసిన ముల్లంగిలోంచి తీశాను. ఈ మందు నాదని పెట్టిన పేటెంటు దరఖాస్తులో ఉన్నది దీని ఫొటోయే. జీవన్ సీసాతో నాకేం పని? అతను ఆ సీసా నింపుకోకముందే నాది నా దగ్గరుంది."

"తేదీ చూశావుగా" అన్నాడు శ్యాంబాబు. "ఇక సంతకం పెట్టి వెళ్ళిపో."

"ఈ ప్లేటు ఎవరు పెట్టారు డాక్టరుగారూ?"

"నేనే. ఆ రోజు ల్యాబుకి సెలవు. ఒక్కడినే వచ్చాను."

"ఒకటిన్నరకి?"

"రాసుందిగా."

"గుడ్ ఫ్రైడే రోజు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన పన్నెండు నుంచి మూడు దాకా. ఐదో మాట మీద వాక్యం చెప్పింది మీరు. మీ సంఘంవాళ్ళు వీడియో పెట్టారు. పన్నెండు నుంచీ వేదిక మీదే కనబడుతున్నారు. ఒకటీ నలభైకి వాక్యం చెప్పే పుల్పిట్ ఎక్కారు, రెండూ ఐదుకి దిగారు."

ఆయన మూత మీది రాత మళ్ళీ చూశాడు. "సాయంత్రం అయ్యుంటుంది. గంట తప్పు రాశానేమో. తేదీ తప్పు కాదు."

ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ఏసీ నడుస్తోంది. నా కడుపు చల్లబడింది. భయపడు, ఇంకా భయపడు అనుకున్నాను.

ప్లేటుని కిటికీ వెలుతురులోకి తిప్పాను. నీలం చుక్కలు బోలెడున్నాయి. వాటి మధ్య, లెక్కపెడితే పదకొండు, ఇటుకరంగు చుక్కలు.

"ఈ ఎర్రవేమిటి?"

"ఈస్టు. ఊరగాయల్లో మామూలే."

"మామూలే. కానీ మీ దరఖాస్తులో రాసిన పెడన ముల్లంగి ఇంటికి పోయిన వారం నేనూ వెళ్ళాను. వాళ్ళ జాడీ నీళ్ళు కూడా కౌసర్ చూసింది. నీలమూ లేదు, ఎరుపూ లేదు, అన్నీ తెల్లవే. నీలం రాహేలుగారి జాడీది. ఎరుపు పోలమ్మగారి జాడీది. ఏడేళ్ళపాటు ఆ రెండు జాడీలూ కలవలేదు. కలిసింది ఈస్టరు ఆదివారం ఉదయం ఏడుంపావుకి. మీ ప్లేటు శుక్రవారానిది. ఆదివారం కలిసిన నీళ్ళు శుక్రవారం మీ ప్లేటులోకి ఎలా వచ్చాయి?"

శ్యాంబాబు కాలు కిందికి దించాడు. "ఏంటి సార్ ఇది? మీరు నాకిది చెప్పలేదు."

"కలిశాక, నేను తీసుకెళ్ళకముందు, ఆ నీళ్ళు ఊరు దాటింది ఒక్కసారే. సోమవారం నాలుగింటికి, జీవన్ చేతిలో. అంటే సీసా మీకు చేరింది. అంటే జీవన్ ఇక్కడికొచ్చాడు, బతికుండగానే. వాడు చచ్చాక తేదీ వెనక్కి రాసుకుంటే సరిపోతుందనుకున్నారు. మీరు పెద్ద చదువులు చదివారు కానీ ఇద్దరు తోటికోడళ్ళ వంటింట్లోకి ఎప్పుడూ తొంగిచూడలేదు. అక్కడే పప్పులో కాలేశారు."

రాజారత్నం చేతిగుడ్డ తీసి నోరు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. పెదవుల చివర్ల నుంచి చొంగ కారుతోంది. ఇంత పెద్దమనిషి భయానికి ఇలా అయిపోతాడా అని నాకు నవ్వొచ్చింది. ఆ సమయంలో నేనెంత సంతోషపడ్డానో చెప్పుకోవాలంటే ఇప్పుడు సిగ్గేస్తోంది, కానీ పడ్డాను.

"వచ్చాడు" అన్నాడు గొంతు తగ్గించి. "ఆరున్నరకి వచ్చాడు. దరఖాస్తులో పేర్లు ముగ్గురివీ రాయాలన్నాడు. ఆ ఇద్దరు ఆడవాళ్ళవీ, తనదీ. ముప్ఫయ్యేళ్ళు నేను ఈ ల్యాబు... సీసా తీసుకుని వెళ్ళిపోతానన్నాడు. నేను లాక్కున్నాను. వెనక మెట్ల మీద తోశాను... రాత్రి కాలవ దాకా తీసుకెళ్ళి... రమ్యా, లైటు వెయ్యమ్మా. చీకటిగా ఉంది."

కిటికీలోంచి ఎండ నేరుగా ఆయన మొహం మీద పడుతోంది. పదీ నలభై ఆరు.

ఆయన కళ్ళలోకి చూశాను. నల్లగుడ్లు ఆవగింజంత అయిపోయాయి.

పక్కనుంచి శబ్దం వచ్చింది. శ్యాంబాబు పొట్ట పట్టుకుని ముందుకు వంగి వాంతి చేసుకున్నాడు. లేవబోయి తూలి గోడని పట్టుకున్నాడు. చొక్కా మొత్తం చెమటతో తడిసిపోయింది. పీకలదాకా తాగినవాడిలా ఊగుతున్నాడు. గుమ్మంలో నిలబడ్డ రమ్య నన్ను చూసి, బల్ల మీద సీసాని చూసింది. నేనూ అదే చూశాను.

ఇంతసేపూ నా మాటలకి వణికిపోతున్నాడనుకుని మురిసిపోయాను. వణికిస్తోంది పురుగుమందు; వెల్లుల్లి వాసన, చొంగ, ముడుచుకున్న నల్లగుడ్లు, అన్నీ దాని గుర్తులే. సీసా తెచ్చింది నేను. బల్ల మీద పెట్టింది నేను. గుడ్డ ముడి విప్పింది నేను.

"నువ్వే తెచ్చావు" అన్నాడు శ్యాంబాబు, నేల మీదికి జారుతూ. "ఆరేళ్ళు... దాచుకుని... నువ్వే."

"రమ్యా, 108కి ఫోన్ చెయ్. పురుగుమందు తాగారని చెప్పు. ఇద్దరని చెప్పు." ఆ పిల్ల ఫోన్ చేసింది. పది నిమిషాలన్నారట. విరుగుడు కోసం మందు పేరు, ఎంత కలిపారో కనుక్కుని ఉంచమన్నారట.

రాహేలుకి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"నువ్వు తాగలేదుగా తల్లీ?"

"లేదు."

"ఇద్దరూ తాగారా?"

"పిన్నిగారూ, ఏం కలిపారు? పేరు చెప్పండి. వీళ్ళు బతకాలి. ఇతను ఒప్పుకున్నాడు, జీవన్ వచ్చాడని నా ముందే ఒప్పుకున్నాడు. కోర్టులో నిలబెడతాను. వీళ్ళు చస్తే ఇక చెప్పేవాడు ఉండడు. మిమ్మల్ని జైల్లో వేస్తారు, మీ అబ్బాయి తాగుబోతుగానే మిగిలిపోతాడు."

"నా బిడ్డ తాగలేదని ఆ నోళ్ళతో చెప్పించు. ఇద్దరి నోళ్ళతో. నేను వినాలి. అప్పుడు చెప్తాను."

స్పీకర్ పెట్టి శ్యాంబాబు మొహం దగ్గర ఉంచాను. అతను ఏడుస్తున్నాడు. ఆరేళ్ళుగా ఈ మనిషి ఏడవాలని కోరుకున్నాను. ఇప్పుడు చూడలేకపోయాను.

"తాగలేదమ్మా" అన్నాడు. "మీవాడు తాగలేదు. పామర్రు సాక్షికి నేనే నేర్పాను. సారు చెప్పమన్నాడు, చెప్పించాను. చంపాడని నాకు తెలీదు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఒకడయ్యాడు" అంది రాహేలు. "రెండోవాడు?"

రాజారత్నం కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. పడకుండా పట్టుకుని నేల మీద పడుకోబెట్టాను, తల పక్కకి తిప్పాను. నోటి నిండా నురగ. ఊపిరి గురకలా వస్తోంది. ఫోను ఆయన పెదాలకి ఆనించాను. "చెప్పండి. జీవన్ తాగలేదు, రెండు మాటలు. చెప్తే మందు పేరు చెప్తుంది. బతుకుతారు."

ఆయన నన్ను గుర్తుపట్టాడనే అనుకుంటాను. పెదాలు కదిలాయి. నురగలోంచి ఏదో శబ్దం వచ్చింది, మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు.

"పిన్నిగారూ, ఆయన చెప్పాలనే చూస్తున్నాడు. నోరు పని చెయ్యట్లేదు. దేవుడి మీద ఒట్టు, నేను అబద్ధమాడట్లేదు. పేరు చెప్పండి."

"నా కొడుకు కూడా కాలవలో పిలిచే ఉంటాడమ్మా" అంది రాహేలు. "నోట్లోకి నీళ్ళు పోతుంటే వాడి మాటా ఎవరికీ వినపడి ఉండదు."

"పిన్నిగారూ."

"నాకేం తొందర లేదు. ఆయన్ని మెల్లగానే చెప్పమను. నేను లైన్లోనే ఉంటాను."

ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. ఆయన పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.